పాఠం 14: చార్లెస్ దాచిన రహస్యం

చదివే ముందు

పిల్లలూ, ముందు ఈ రెండు ప్రశ్నలకి మీ నోట్‌బుక్‌లో జవాబులు రాయండి. ఒక్కొక్క వాక్యం చాలు. పాఠం అయ్యాక వాటిని మళ్ళీ చదువుకుందాం.

1. మీ వయసులో రోజూ పనికి వెళ్ళాల్సి వస్తే మీకు ఏది అన్నిటికంటే కష్టంగా ఉంటుంది?
2. ఎవరికీ చెప్పుకోలేని విషయం మనసులో ఉంటే ఎలా ఉంటుంది? (ఆ విషయం ఏమిటో రాయక్కర్లేదు!)

పాఠం

ఆలివర్ ట్విస్ట్ పేరు వినే ఉంటారు. ఇంకొంచెం గంజి పెట్టమని అడిగి తిట్లు తిన్న అనాథ పిల్లవాడు. స్క్రూజ్ అనే పిసినారి ముసలాయన పేరు కూడా మీకు తెలిసే ఉంటుంది. వీళ్ళిద్దరినీ సృష్టించిన రచయిత చార్లెస్ డికెన్స్.

విక్టోరియా రాణి 1837 నుంచి 1901 వరకు బ్రిటన్‌ని పాలించారు. ఆ రోజుల్ని విక్టోరియా కాలం అంటారు. రైళ్ళు, ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద నగరాలు పెరిగిన కాలం అది. ఫ్యాక్టరీల్లో, గనుల్లో చిన్న పిల్లలు పనిచేసిన కాలం కూడా అదే. ఆ కాలం గురించి నవలలు రాసినవాళ్ళలో డికెన్స్ చాలా పేరున్నవారు.

ఆయన పుస్తకాల్లో పిల్లలు ఎక్కువ. ఆకలితో ఉన్న పిల్లలు, పనిలో పెట్టిన పిల్లలు, ఎవరూ పట్టించుకోని పిల్లలు. ఆయన మాటిమాటికీ వాళ్ళ గురించే ఎందుకు రాశారు? అందుకు ఒక పెద్ద కారణం ఆయనకి పన్నెండేళ్ళప్పుడు జరిగిన ఒక సంగతి. ఆ సంగతిని ఆయన సొంత పిల్లలకి కూడా చెప్పలేదు.

పుస్తకాల పిచ్చి

చార్లెస్ 1812 ఫిబ్రవరి 7న ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ అనే ఓడరేవు ఊళ్ళో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో రెండోవాడు. అక్క పేరు ఫ్యానీ. నాన్న జాన్ డికెన్స్ నౌకాదళం వాళ్ళ జీతాల ఆఫీసులో గుమాస్తా. అమ్మ పేరు ఎలిజబెత్.

కొన్నాళ్ళకి నాన్నకి చాటమ్ అనే ఊరికి బదిలీ అయింది. అక్కడ చార్లెస్ చాలా సంతోషంగా ఉండేవాడు. ఒంట్లో బాగుండక మిగతా పిల్లల్లాగా పరిగెత్తి ఆడలేకపోయేవాడు. అందుకని పుస్తకాలు పట్టుకుని కూర్చునేవాడు. రాబిన్సన్ క్రూసో, అరేబియన్ నైట్స్ లాంటివి నాన్న దగ్గర ఉండేవి. చదివిన కథల్లో తనే హీరో అనుకుని ఆడుకునేవాడు.

నాన్నతో నడిచి వెళ్ళేటప్పుడు దారిలో గాడ్స్ హిల్ అనే చోట ఒక పెద్ద ఇల్లు కనిపించేది. "బాగా కష్టపడితే ఎప్పటికైనా నువ్వు ఆ ఇంట్లో ఉండొచ్చు" అని నాన్న చెప్పేవాడు. ఈ ఇంటిని గుర్తుపెట్టుకోండి.

నాన్న సరదా మనిషి, మంచి మనిషి. కానీ చేతికి ఎముక లేదు. వచ్చే జీతం కంటే పెట్టే ఖర్చు ఎప్పుడూ ఎక్కువ. అప్పు మీద అప్పు చేస్తూ పోయాడు.

లండన్‌లో కష్టాలు

1822లో ఈ కుటుంబం లండన్‌కి మారింది. అప్పులు ఇంకా పెరిగాయి. చార్లెస్‌ని బడికి పంపడం మానేశారు. అక్క ఫ్యానీకి మాత్రం సంగీతం బడిలో సీటు దొరికింది. ఆమె అక్కడ చదువుకుంటూ ఉంటే, చార్లెస్ ఇంట్లో బూట్లు తుడుస్తూ, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకుంటూ ఉండేవాడు.

ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే అమ్మేశారు. అన్నిటికంటే ముందు పోయినవాటిలో ఆ పుస్తకాలు ఉన్నాయి. వాటిని కొట్టుకి మోసుకెళ్ళి అమ్మి రమ్మని ఎవరిని పంపారో తెలుసా? చార్లెస్‌నే.

అప్పుడు చుట్టాల్లో ఒకతను, "మా ఫ్యాక్టరీలో పని ఇప్పిస్తాను, వారానికి ఆరు షిల్లింగులు వస్తాయి" అన్నాడు. అమ్మానాన్నలు వెంటనే సరే అన్నారు. 1824 ఫిబ్రవరిలో, పన్నెండేళ్ళు నిండిన కొద్దిరోజులకే, చార్లెస్ పనిలో చేరాడు. (విక్టోరియా అప్పటికి ఇంకా నాలుగేళ్ళ పాప. రాణి కావడానికి మరో పదమూడేళ్ళు ఉంది.)

బూట్ల పాలిష్ ఫ్యాక్టరీ

దాని పేరు వారెన్స్ బ్లాకింగ్. బూట్లకి రాసే నల్ల పాలిష్ తయారుచేసేవాళ్ళు. థేమ్స్ నది ఒడ్డున, ఇప్పుడు చేరింగ్ క్రాస్ స్టేషన్ ఉన్న చోటుకి దగ్గర్లో ఒక పాత ఇంట్లో అది నడిచేది. చెక్కలు పుచ్చిపోయి ఉండేవి. కింద ఎలుకలు పరిగెత్తుతూ ఉండేవి.

చార్లెస్ చేసే పని ఇది. పాలిష్ డబ్బా మూతి మీద ముందు నూనె కాగితం కప్పాలి. దాని మీద నీలం కాగితం కప్పాలి. చుట్టూ దారం కట్టాలి. అంచులు సమానంగా కత్తిరించాలి. కొన్ని డజన్లు అయ్యాక ఒక్కోదాని మీదా లేబుల్ అతికించాలి. రోజుకి సుమారు పది గంటలు ఇదే పని. మళ్ళీ రేపూ ఇదే. ఎల్లుండీ ఇదే.

పని కష్టం ఒక బాధ. చార్లెస్‌కి అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉండేది. "నేను చదువుకోవాలనుకున్నాను. నా గురించి ఎవరూ ఆలోచించలేదు. ఇక నా బతుకు ఇంతే" అన్న బాధ.

నాన్న జైలుకి

అదే నెలలో ఇంకో దెబ్బ. నాన్న ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీ పడ్డాడు. తీర్చలేకపోయాడు. ఆయన్ని పట్టుకెళ్ళి మార్షల్సీ అనే జైల్లో పెట్టారు.

అప్పు తీర్చకపోతే జైలా అని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఇంగ్లండ్ చట్టం అంతే. జైల్లో కూర్చున్న మనిషి పనిచేసి అప్పు ఎలా తీరుస్తాడు? ఈ ప్రశ్న తర్వాత డికెన్స్ తన నవలల్లో గట్టిగా అడిగారు.

కొన్నాళ్ళకి అమ్మ, చిన్నపిల్లలు కూడా ఆ జైలు గదిలోనే నాన్నతో ఉండటానికి వెళ్ళిపోయారు. చార్లెస్ ఒక్కడే బయట వేరేవాళ్ళ ఇంట్లో ఉండేవాడు. ఆదివారం వస్తే అక్కతో కలిసి జైలుకి వెళ్ళి అమ్మానాన్నల దగ్గర గడిపేవాడు.

జీతం రాగానే డబ్బుని చిన్న చిన్న పొట్లాలు కట్టుకునేవాడు. ఒక్కో పొట్లం మీద ఒక్కో వారం పేరు. అది ఆ రోజు తిండి ఖర్చు అన్నమాట. కానీ ఎంతైనా పన్నెండేళ్ళవాడు కదా! పొద్దున్నే పనికి వెళ్ళే దారిలో మిఠాయి కొట్టు ముందు నిన్నటి కేకులు సగం ధరకి అమ్ముతుంటే ఆగలేకపోయేవాడు. కొనుక్కుని తినేసేవాడు. మధ్యాహ్నం భోజనానికి డబ్బులు ఉండేవి కావు.

వేరేవాళ్ళ గుమ్మం ముందు

ఫ్యాక్టరీలో బాబ్ ఫేగిన్ అనే అబ్బాయి ఉండేవాడు. చార్లెస్ కంటే కొంచెం పెద్ద. మొదటిరోజు దారం ముడి ఎలా వెయ్యాలో నేర్పింది అతనే. ఒకరోజు చార్లెస్‌కి పక్కలో నొప్పి వచ్చి పడిపోతే, ఖాళీ సీసాల్లో వేడినీళ్ళు పోసి కాపడం పెట్టాడు. సాయంత్రం అయ్యింది. "ఒక్కడివే వెళ్ళొద్దు, మీ ఇంటిదాకా నేను వస్తాను" అని పక్కనే నడిచాడు.

చార్లెస్‌కి చెమటలు పట్టాయి. ఇల్లు అంటే ఏం చూపించాలి? నాన్న జైల్లో ఉన్నాడని ఎలా చెప్పాలి? నువ్వు వెళ్ళు, నువ్వు వెళ్ళు అని ఎంత చెప్పినా బాబ్ వినలేదు. చివరికి చార్లెస్ ఒక వంతెన దగ్గర, ఎవరిదో తెలియని ఒక ఇంటి మెట్లు ఎక్కి, "ఇదే మా ఇల్లు" అని చెప్పి వీడ్కోలు తీసుకున్నాడు. బాబ్ వెనక్కి తిరిగి చూస్తాడేమోనని తలుపు కూడా తట్టాడు. ఒకావిడ తలుపు తీసింది. "రాబర్ట్ ఫేగిన్ గారి ఇల్లు ఇదేనా అండీ?" అని అడిగాడు!

చదివితే నవ్వొస్తుంది. కానీ ఒక్కసారి ఆ మెట్ల మీద నిలబడిన పిల్లవాడిని తలుచుకోండి. అంత మంచిగా చూసుకున్న స్నేహితుడికి కూడా నిజం చెప్పలేకపోయాడు.

మళ్ళీ బడికి

సుమారు మూడు నెలలకి నాన్న జైలు నుంచి బయటికి వచ్చాడు. అయినా చార్లెస్ పని మాన్పించలేదు. ఇంకా కొన్ని నెలలు వెళుతూనే ఉన్నాడు. ఎన్నాళ్ళు పనిచేశాడో పెద్దయ్యాక ఆయనకే సరిగ్గా గుర్తు లేదు.

చివరికి నాన్నకీ ఫ్యాక్టరీలో ఉన్న ఆ చుట్టానికీ గొడవ జరిగింది. చార్లెస్‌ని ఇంటికి పంపేశారు. అమ్మ వెళ్ళి మాట్లాడి, మళ్ళీ పనిలోకి రమ్మనేలా చేసింది. ఇంట్లో డబ్బు అవసరం అలా ఉంది. నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "వీడు బడికి వెళతాడు" అన్నాడు.

చార్లెస్ మళ్ళీ బడికి వెళ్ళాడు. కానీ అమ్మ తనని ఫ్యాక్టరీకే పంపాలనుకుందన్న మాట జీవితాంతం మర్చిపోలేకపోయాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. అసలు అది జరగనట్టే ఉన్నారు.

రచయిత అయ్యారు

పదిహేనేళ్ళకి చార్లెస్ ఒక లాయరు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. కష్టపడి షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు. మనుషులు మాట్లాడుతూ ఉంటే అంత వేగంగానూ రాసుకునే పద్ధతి అది. దానితో పార్లమెంటులో జరిగే చర్చలు రాసే విలేకరి అయ్యాడు.

1836లో పిక్విక్ పేపర్స్ అనే మొదటి నవల మొదలైంది. పుస్తకం అంతా ఒకేసారి రాలేదు. నెలకి కొంచెం చొప్పున, ఒక్కో భాగం ఒక షిల్లింగుకి అమ్మారు. మొదట్లో కొన్ని వందల కాపీలే. చివరికి నెలకి 40,000 కాపీలు! ఆయన వయసు అప్పటికి పాతికేళ్ళు.

కథ ఇలా ముక్కలుగా రావడాన్ని సీరియల్ అంటారు. మన తెలుగు వారపత్రికల్లో కూడా ఇలాగే సీరియల్ నవలలు వచ్చేవి. వచ్చే వారం ఏమవుతుందా అని ఎదురుచూసేవాళ్ళు. ఆ పేజీలు చింపి, దారంతో కుట్టి పుస్తకంలా దాచుకున్నవాళ్ళు మీ ఇంట్లోనే ఉండొచ్చు. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి చూడండి.

పుస్తకాల్లోకి వచ్చిన పిల్లలు

ఆలివర్ ట్విస్ట్ 1837లో మొదలైంది. అప్పట్లో దిక్కులేని పేదవాళ్ళని వర్క్‌హౌస్ అనే చోట ఉంచేవాళ్ళు. తిండి తక్కువ, పని ఎక్కువ. ఆలివర్ అక్కడ పుట్టిన పిల్లవాడు. ఈ నవలలో పిల్లలకి దొంగతనం నేర్పే ముసలివాడి పేరు ఫేగిన్. అవును, తనకి కాపడం పెట్టిన అబ్బాయి ఇంటిపేరే! మంచి స్నేహితుడి పేరు చెడ్డవాడికి ఎందుకు పెట్టారో మీరే ఆలోచించండి.

నికొలస్ నికల్‌బీ రాసే ముందు ఆయన యార్క్‌షైర్ వెళ్ళి, పిల్లల్ని హింసించే చవక హాస్టల్ బడులని కళ్ళారా చూసి వచ్చారు. 1843లో పనిచేసే పిల్లల గురించి ప్రభుత్వం వేసిన కమిషన్ రిపోర్టు చదివి కదిలిపోయారు. ఆ ఏడాది డిసెంబరులోనే స్క్రూజ్ కథ, ఎ క్రిస్మస్ కేరల్, బయటికి వచ్చింది. క్రిస్మస్ లోపలే మొదటి 6,000 కాపీలు అయిపోయాయి.

డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 1849లో మొదలైంది. అందులో పదేళ్ళ డేవిడ్‌ని ఒక గోదాములో పనికి పెడతారు. సీసాలు కడగాలి, లేబుళ్ళు అతికించాలి. చదివినవాళ్ళందరూ "ఎంత బాగా ఊహించి రాశారో!" అనుకున్నారు. అది ఊహ కాదని ఎవరికీ తెలియదు.

నవలల వల్లే చట్టాలు మారాయని చెప్పలేం. లార్డ్ ఆష్లీ లాంటి నాయకులు పార్లమెంటులో ఏళ్ళతరబడి పోరాడారు. 1833లో బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లల్ని పెట్టకూడదని చట్టం వచ్చింది. 1842లో పదేళ్ళలోపు మగపిల్లలు, ఆడపిల్లలు, స్త్రీలు గనుల లోపల పనిచేయకూడదన్నారు. 1869లో అప్పుకి జైలు అనే శిక్షని చాలావరకు తీసేశారు. కానీ చట్టం మారాలంటే ముందు జనానికి బాధ కలగాలి కదా? లెక్కల్లో కనిపించే పిల్లల్ని పేరున్న పిల్లలుగా చేసి, అందరి ఇళ్ళలోకీ తీసుకొచ్చింది డికెన్స్ లాంటి రచయితలే.

దూరంగా ఉన్నవాళ్ళు

ఒక మాట కూడా చెప్పాలి. డికెన్స్‌కి అందరి మీదా ఇలాంటి దయ లేదు. 1857లో ఇండియాలో బ్రిటిష్ వాళ్ళ మీద సిపాయిలు తిరగబడ్డారు. ఆ పోరాటంలో రెండువైపులా చాలామంది చనిపోయారు. ఆ ఏడాది ఆయన కొడుకు వాల్టర్ కూడా సైన్యంలో చేరి ఇండియా వెళ్ళాడు. డికెన్స్ అప్పుడు ఒక ఉత్తరంలో భారతీయుల గురించి చాలా క్రూరమైన మాటలు రాశారు. తన ఊళ్ళో ఆకలితో ఉన్న పిల్లవాడి మనసు అంత బాగా తెలిసిన మనిషి, దూరదేశంలో ఉన్నవాళ్ళని మనుషుల్లా చూడలేకపోయారు. వాల్టర్ 1863 డిసెంబరు 31న కలకత్తాలో జబ్బుతో చనిపోయాడు. అతనికి 22 ఏళ్ళు.

ఒక మనిషి రాసిన పుస్తకాన్ని ఇష్టపడుతూనే, ఆయన అన్న తప్పు మాటని తప్పు అనొచ్చు. రెండూ చెయ్యడం నేర్చుకోవాలి.

రహస్యం బయటపడింది

గాడ్స్ హిల్ ఇల్లు గుర్తుందా? 1856లో డికెన్స్ ఆ ఇల్లు కొన్నారు. నాన్న చెప్పిన మాట నిజమైంది.

ఆ ఇంట్లోనే, ఆయన చివరి క్రిస్మస్ రోజుల్లో, అందరూ కూర్చుని ఒక ఆట ఆడారు. ఒకరు ఒక మాట చెప్పాలి. పక్కవాళ్ళు ఆ మాట చెప్పి ఇంకోటి కలపాలి. అలా గొలుసు పెరుగుతూ పోతుంది. డికెన్స్ వంతు వచ్చింది. గొలుసు మొత్తం చెప్పి, చివర్లో ఇలా కలిపారు: "వారెన్స్ బ్లాకింగ్, 30, స్ట్రాండ్." ఆ మాట అన్నప్పుడు నాన్న గొంతు ఎందుకో వేరుగా ఉందని కొడుకు హెన్రీకి అనిపించింది. కానీ అదేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. ఆట ముందుకి సాగిపోయింది.

1870 జూన్ 9న డికెన్స్ ఆ ఇంట్లోనే చనిపోయారు. ఆయన వయసు 58. ఆయనకి జాన్ ఫోర్స్టర్ అనే ప్రాణస్నేహితుడు ఉండేవాడు. చాలా ఏళ్ళ కిందట డికెన్స్ తన చిన్ననాటి సంగతి కొంత కాగితం మీద రాసి అతనికి ఇచ్చారు. డికెన్స్ పోయాక ఫోర్స్టర్ ఆయన జీవితచరిత్ర రాస్తూ అది బయటపెట్టాడు. ఆయన పిల్లలకి కూడా అప్పుడే తెలిసింది. ఆ క్రిస్మస్ ఆటలో నాన్న చెప్పిన మాటకి అర్థం అదా అని హెన్రీకి అప్పుడు తెలిసింది.

పిల్లలూ, సిగ్గు పడాల్సింది నిజానికి ఎవరు? డబ్బాలకి లేబుళ్ళు అతికించిన పిల్లవాడా? వాడిని బడి మాన్పించి అక్కడ పెట్టిన పెద్దవాళ్ళా? అలాంటి చట్టాలు చేసినవాళ్ళా? చార్లెస్ ఏ తప్పూ చెయ్యలేదు. అయినా సిగ్గంతా తనదే అనుకుని నలభై ఏళ్ళకి పైగా మోశారు.

కొత్త మాటలు

గుమాస్తా – ఆఫీసులో లెక్కలు, కాగితాలు రాసే ఉద్యోగి
బదిలీ – అదే ఉద్యోగంలో వేరే ఊరికి పంపడం
చేతికి ఎముక లేదు – డబ్బు ఆగకుండా ఇచ్చేస్తాడు, ఖర్చు పెట్టేస్తాడు అని అర్థం. నిజంగా ఎముక లేదని కాదు!
బాకీ – తిరిగి ఇవ్వాల్సిన డబ్బు
కాపడం – నొప్పి ఉన్నచోట వేడి తగిలించడం
గోదాము – సరుకులు నిలవ పెట్టే పెద్ద గది
విలేకరి – పత్రికకి వార్తలు రాసేవాళ్ళు
జీవితచరిత్ర – ఒక మనిషి జీవితం గురించి ఇంకొకరు రాసిన పుస్తకం

భాష గమనించండి

1. "అమ్మాడు" అంటే ఒక్కసారి జరిగింది. "చదివేవాడు" అంటే అప్పట్లో మళ్ళీ మళ్ళీ జరిగేది. పాఠంలో "ఏవాడు" అని వచ్చే మాటలు ఆరు వెతికి రాయండి. తర్వాత ఈ వాక్యాలని అలా మార్చండి.
అ) చార్లెస్ ఆదివారం జైలుకి వెళ్ళాడు.
ఆ) ఫ్యానీ పాటలు పాడింది. (జాగ్రత్త! ఇక్కడ "ఏవాడు" రాదు. "పాడేది" అనాలి.)
ఇ) మేము తాతయ్య దగ్గర కథలు విన్నాం.

2. మొదట్లో "చార్లెస్ చేరాడు" అన్నాం. తర్వాత "డికెన్స్ రాశారు" అన్నాం. మనిషి ఒక్కడే కదా, మాట ఎందుకు మారింది? మీ తమ్ముడి గురించి ఒక వాక్యం, మీ తాతయ్య గురించి ఒక వాక్యం రాసి తేడా చూపించండి.

జవాబులు రాయండి

1. చార్లెస్ జీతాన్ని పొట్లాలు ఎందుకు కట్టేవాడు?
2. బాబ్ ఫేగిన్ చార్లెస్‌కి చేసిన రెండు మంచి పనులు ఏవి?
3. తెలియని ఇంటి తలుపు చార్లెస్ ఎందుకు తట్టాడు?
4. అమ్మ చార్లెస్‌ని మళ్ళీ పనికి పంపాలనుకుంది. ఆమె వైపు నుంచి ఆలోచించి రెండు వాక్యాలు రాయండి.

లెక్క చేద్దాం

ఒక పౌండుకి 20 షిల్లింగులు. నాన్న బాకీ 40 పౌండ్ల 10 షిల్లింగులు. చార్లెస్ జీతం వారానికి 6 షిల్లింగులు. వాడు ఒక్క పైసా తినకుండా మొత్తం ఇచ్చేసినా అప్పు తీరడానికి ఎన్ని వారాలు పడుతుంది? (జవాబు: 135 వారాలు. అంటే రెండున్నరేళ్ళకి పైనే! ఎలా వచ్చిందో చేసి చూపించండి.)

ఇంట్లో మాట్లాడండి

మీ తాతయ్యనో, అమ్మమ్మనో, నాయనమ్మనో ఫోన్‌లో అడగండి: "మీకు పన్నెండేళ్ళప్పుడు రోజంతా ఏం చేసేవాళ్ళు? బడికి వెళ్ళేవాళ్ళా, పనికి వెళ్ళేవాళ్ళా?" వాళ్ళు చెప్పింది తెలుగులో అయిదు వాక్యాలు రాసుకుని రండి. చెప్పడం ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యొద్దు. "ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పండి, వింటాను" అనండి.

చివరగా, మొదట్లో రాసుకున్న మీ రెండు జవాబులు మళ్ళీ చదవండి. మార్చాలనిపిస్తే మార్చి రాయండి.